చంద్రవంక మొఱ

పల్నాటివారికి నీటివిలువను వేఱొకరు బోధింప నక్కఱలేదు. వానకై యాకాశమువంక చూచుట యీ సీమకు తరతరముల యభ్యాసము. అట్టిచోట, మాచర్ల చెన్నకేశవస్వామి యాలయము చెంత ప్రవహించు చంద్రవంకను మురుగుకాలువగ నెంచుట యెంతటి యవివేకమో పౌరు లాలోచింతురుగాక.

చంద్రవంక చిన్నవాగే, కాని దాని గమ్యము చిన్నది కాదు. అది యితర వాగులతో గలసి, ఎత్తిపోతల యొద్ద సుమారు 70 అడుగుల యెత్తునుండి దుమికి, నాగార్జునసాగరు ఆనకట్టకు దిగువను కృష్ణలో జేరుచున్నది. ఆ కృష్ణయే పులిచింతలను, విజయవాడ ప్రకాశం బారేజిని దాటి డెల్టా కాలువలకు పోవును. కావున మాచర్ల వీధికాలువలో వదలిన మురుగు మాచర్లవారి స్వంతవిషయ మనుటకు వీలులేదు. ఎగువవాని నిర్లక్ష్యము దిగువవాని కడవలో తేలును.

పాఱునది తన్నుతానే శుద్ధిచేసికొనునని కొందఱందురు. ఇది కొంతవఱకే నిజము. నీటిలోని సూక్ష్మజీవులు మాలిన్యమును భక్షించును గాని, అందులకు నీటిలోని ప్రాణవాయువును ఖర్చుచేయును. మాలిన్యము మితిమీరిన ప్రాణవాయువు నశించి చేపలు చచ్చును, నీరు కుళ్లును. వేసవిలో వాగు సన్నగిల్లినపు డీ ప్రమాదము మఱింత హెచ్చు. మురుగుశుద్ధి కర్మాగారము చేయు పనియు నిదియే: తొట్లలో గాలినూది, ఆ జీవులచేతనే మాలిన్యమును తినిపించి, మడ్డిని దింపి, తేటనీటిని విడుచుట. ఈ పద్ధతిని 1914లోనే మాంచెస్టరు శాస్త్రజ్ఞులు లోకమునకు దెలిపిరి. విద్య క్రొత్తది కాదు, కొఱతయెల్ల శ్రద్ధయందే.

శాసనములకును లోపములేదు. జలకాలుష్య నివారణచట్టము 1974లో వచ్చినది. స్థానికసంస్థలు మూడేండ్లలో మురుగుశుద్ధి కేంద్రముల నేర్పఱుపవలెనని సుప్రీంకోర్టు 2017 ఫిబ్రవరిలో నాజ్ఞాపించినది. లక్షకు లోబడిన జనాభాగల పట్టణముల మురుగును గూడ 2021లో ప్రారంభమైన స్వచ్ఛభారత్ రెండవదశలో జేర్చిరి. 2011 లెక్కల ప్రకారము సుమారు 57 వేల జనాభాగల మాచర్ల యీ తరగతిలోనిదే.

అయినను కట్టడమే కార్యసిద్ధి యని భ్రమపడరాదు. కేంద్ర కాలుష్యనియంత్రణ మండలి 2021లో ప్రకటించిన లెక్కలను చూడుడు. దేశపు పట్టణములలో దినమునకు 72,368 మిలియను లీటర్ల మురుగు పుట్టుచుండగా, 31,841 మిలియను లీటర్లకే యంత్రములు గలవు. నిజముగ శుద్ధియైనది 20,236 మాత్రమే. అనగా కట్టిన శక్తిలో మూడింట నొకవంతునకు మించి వ్యర్థము. ప్రారంభోత్సవమునకు పూలదండలు దొరకును. పిమ్మట విద్యుత్తునకును, పనివారి జీతములకును, మరమ్మతులకును ధనము దొరకదు!

1921లో చీరాల-పేరాల ప్రజలు తమ యంగీకారములేని పురపాలక పన్నును ధిక్కరించి యిండ్లు విడిచి వెడలిరి. నాడు పరప్రభుత్వపు పన్నును నిరాకరించుట పౌరుషము. స్వరాజ్యమున పన్ను చెల్లించి ప్రతిపైసకు లెక్కయడుగుట పౌరధర్మము. పన్నును ఎగవేయువానికి వాగు కుళ్లెనని వాపోవు హక్కెక్కడిది? పన్నును గైకొని కాలువను బాగుచేయని సంఘమునకు గౌరవమెక్కడిది?

కర్తవ్యము స్పష్టము. వీధికాలువలు వాగులో పడకమునుపే వానిని మరలించి శుద్ధికేంద్రమునకు జేర్పవలెను. సెప్టిక్ ట్యాంకులను తోడు బండ్లు ఆ మలమును వాగున గ్రుమ్మరింపకుండ కాపలా యుండవలెను. నెలనెలకు వాగునీటిని పరీక్షించి, ఫలితమును పురపాలక కార్యాలయపు గోడపై తెలుగులో ప్రకటింపవలెను. చక్కగ శుద్ధియైన నీటిని పశుగ్రాసమునకును, తోటలకును రైతుల కీయవచ్చును. ఇజ్రాయేలు తన మురుగునీటిలో నధికభాగము నిట్లే సేద్యమునకు వినియోగించుచున్నది. నీటికై కలవరించు సీమ చేతికందిన నీటిని విషముచేసి విడుచుట న్యాయమా?

నరసరావుపేట, పిడుగురాళ్ల, గురజాల వాసులకును నిదియే మనవి. తీర్థమని తలపై జల్లుకొను కృష్ణమ్మకు మన మంపు కానుక యేదియో, ఒక్కమాఱు కాలువగట్టున నిలిచి చూచుకొందము.