పెట్రోలు దేశాలే రైలెక్కాయి, పాతబస్తీ ఎప్పుడెక్కుతుంది?

2010కి ముందు హజ్ చేసి వచ్చిన మన బాన్సువాడ పెద్దలను కదిలించి చూడండి. అరఫాత్ నుంచి ముజ్దలిఫాకు సాగిన ఆ రాత్రి ప్రయాణంలో రెండు విషయాలు మరువలేమంటారు. ఒకటి జనసముద్రం, రెండోది బస్సుల పొగ. బస్సు కదలదు, ఇంజను ఆగదు, ముక్కుకు గుడ్డ కట్టుకున్నా దగ్గు తగ్గదు. 2010 హజ్ నాటికి మీనా, ముజ్దలిఫా, అరఫాత్‌లను కలుపుతూ సుమారు 18 కిలోమీటర్ల మషాయిర్ రైలు వచ్చింది. వేలాది బస్సులు చేయాల్సిన పనిని ఆ రైలు చేస్తోంది.

అంతకు ఏడాది ముందే, 2009 సెప్టెంబరులో, దుబాయిలో మెట్రో మొదలైంది. 2024లో రియాద్‌లో ఆరు లైన్లు, 176 కిలోమీటర్ల మెట్రో ప్రారంభమైంది. మన ప్రాంతం నుంచి పొట్ట చేతబట్టుకుని గల్ఫ్ వెళ్లిన పిల్లలు ఈ రైళ్లలోనే పనికి పోయివస్తున్నారు. చమురు బావుల మీద కూర్చున్న దేశాలే కార్లతో నగరం నడవదని గ్రహించాయి. మరి చమురును కొనుక్కునే మనం?

బాన్సువాడకు రైలు లేదు. రైలెక్కాలంటే కామారెడ్డికో, నిజామాబాదుకో బస్సులో పోవాలి. చిత్రమేమిటంటే, మన ఆర్టీసీ బస్సు పుట్టిందే రైలు ఇంట్లో. 1932లో నిజాం ప్రభుత్వ రైల్వే 27 బస్సులతో రోడ్డు రవాణా శాఖను ప్రారంభించింది. బస్సు, రైలు ఒకే ఇంటి బిడ్డలన్న ఆ ఆలోచనను తర్వాతి తరాలు మరచిపోయాయి.

చదువుకనో, కొలువుకనో మన కుటుంబాల్లో సగం హైదరాబాదులోనే ఉన్నాయి. మా ఆపా కుటుంబం షాలిబండలో ఉంటుంది. ఏడేళ్ల మనవడికి చలికాలం వస్తే మందు పీల్చే యంత్రం లేనిదే రాత్రి గడవదు. వాడు ఏ పాపం చేశాడు? ఇంటి గడప దాటితే ఆటోలు, వ్యాన్లు, మోటారు సైకిళ్లు అంగుళమంగుళం జరుగుతూ పొగ వదిలే రోడ్డు. డాక్టరు గారు కిటికీలు మూసి ఉంచమన్నారు. రెండు గదుల ఇంట్లో ఏడుగురు ఉన్నచోట కిటికీ మూయమనడం తేలికే.

వాహనాల పొగ విషయంలో ఏమీ జరగలేదనడం అన్యాయం. 2000లో పెట్రోలు నుంచి సీసం తొలగించారు. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా బీఎస్-6 ప్రమాణాలు అమలయ్యాయి. డీజిలులో గంధకం పది లక్షల భాగాలకు 50 నుంచి 10కి తగ్గింది. ఒక్కో కొత్త బండి వదిలే పొగ నిజంగానే తగ్గింది. కాని బండ్ల సంఖ్య ఆ లాభాన్ని మింగేస్తోంది. పైగా పాత బండ్లు ఎక్కడికి పోతాయి? మన బస్తీలకే వస్తాయి, ఎందుకంటే కొత్తది కొనే స్తోమతు మనకు లేదు. టైర్ల అరుగుదల, బ్రేకుల పొడి, రోడ్డు ధూళి కరెంటు బండ్లతోనూ పోవు. ఈ ధూళిలో వెంట్రుక మందంలో ఇరవయ్యో వంతు కూడా లేని రేణువులు ఊపిరితిత్తుల లోతుకు దిగుతాయి. ఘనపు మీటరు గాలిలో ఏడాది సగటున ఇవి 5 మైక్రోగ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పింది. మన దేశపు ప్రమాణం 40.

మూడు పెట్టెల మెట్రో రైలు ఒకేసారి దాదాపు వెయ్యి మందిని మోస్తుంది. ఆ కరెంటు బొగ్గు నుంచే కదా వస్తున్నది అని కొందరంటారు. నిజమే, ఎంతో కొంత పొగ రామగుండంలో వస్తుంది. అయినా ఇనుప పట్టాల మీద ఇనుప చక్రం దొర్లడానికి తక్కువ శక్తి చాలు, పైగా ఆ పొగ బడికి పోయే పిల్లవాడి ముఖం ముందు రాదు.

హైదరాబాదు మెట్రో 2017 నవంబరులో మొదలైంది. జూబ్లీ బస్‌స్టేషన్ నుంచి ఫలక్‌నుమా దాకా పోవలసిన లైను 2020 ఫిబ్రవరిలో మహాత్మాగాంధీ బస్‌స్టేషన్ దగ్గరే ఆగిపోయింది. మూసీ దాటలేదు! అత్యంత రద్దీ, అత్యంత ఇరుకు ఎక్కడో, రైలు అవసరం ఎక్కడ ఎక్కువో అక్కడే ఆగింది. పాతబస్తీ లైనుకు శంకుస్థాపన జరగడానికి 2024 మార్చి 8 దాకా పట్టింది. దీనిని చాంద్రాయణగుట్ట వరకు పొడిగించారు.

ఆలస్యానికి నెపం ప్రభుత్వం మీదే నెట్టి మనం చేతులు దులుపుకోలేము. మసీదులు, ఆషుర్‌ఖానాలు పోతాయన్న భయం నాయకులలోనూ, మనలోనూ ఉండింది. ఆ భయానికి సమాధానం స్తంభాల స్థానం మార్చడం, మలుపులు సర్దడం. అంతేగాని లైను మానుకోవడం కాదు. రోడ్డు వెడల్పులో దుకాణం కోల్పోయేవారి బాధ వేరు. 2025 జనవరి నుంచి పరిహారం చెక్కులు ఇస్తున్నారు. యజమానికి చెక్కు వస్తుంది సరే, అదే దుకాణంలో ముప్పయ్యేళ్లుగా అద్దెకున్న దర్జీకో, అత్తరు వ్యాపారికో ఏమిటి? ఈ ప్రశ్న గట్టిగా అడగాలి. రైలు వద్దనడానికి మాత్రం దీనిని వాడుకోరాదు.

ఆటో సోదరులకూ ఒక మాట. రోజంతా ఆ పొగలో కూర్చునేది మీరే, అందరికంటే ఎక్కువ పీల్చేదీ మీరే. ప్రతి స్టేషను దగ్గర ఆటోలకు స్థలం కేటాయిస్తే దూరపు ప్రయాణం రైలుది, గల్లీ ప్రయాణం మీది. ఆ స్థలం లైను కట్టేటప్పుడే అడిగి తీసుకోవాలి. తర్వాత అడిగితే దొరకదు.

ఇక మన ఊరి సంగతి. బాన్సువాడ మీదుగా బోధన్-బీదర్ రైలు మార్గం వేయాలన్నది పాత కోరిక. సర్వేల మాట విని విని జనం అలసిపోయారు. అది వచ్చేలోపు కామారెడ్డిలో రైలు దిగినవారికి బాన్సువాడ బస్సు సిద్ధంగా ఉండేలా వేళలు కలపాలి. దీనికి పట్టాలు వేయనక్కరలేదు, డిపోలో కూర్చుని కాగితం మీద గీస్తే చాలు.