జాతర మరునాటి కుండ

సూర్యాపేట చెంతనున్న దురాజుపల్లి పెద్దగట్టు మీద లింగమంతుల స్వామి జాతర ముగిసి, "ఓ లింగా" అను కేకలు చెవులలో ఇంకను మారుమ్రోగుచుండగనే, ట్రాక్టర్లును ఆటోలును పెన్‌పహాడ్ వైపు ఊళ్లకు తిరిగివచ్చిన మరునాటి ఉదయమున, మా ప్రాంతపు ఇండ్లలో ఒకానొక వాసన పుట్టెడిది. ముందునాటి వేటలో మిగిలిన బొక్కలను పప్పుతో కూడ కుండకెక్కించి, ఆనిగెపుకాయ ముక్కలు వేసి, చింతపులుసు పోసి, సన్నని సెగమీద జాముసేపు కాచిన వాసన అది. ఆ కుండను గురించియే నేడు వ్రాయదలచితిని. అది మా ఇండ్లలో నానాటికి అరుదగుచున్నది. అట్లు కానీయరాదని నా దృఢవిశ్వాసము.

రెండేండ్లకొకమారు మాఘమాసమున జరుగు ఈ జాతర, మేడారము తరువాత తెలంగాణమున అంతటి జనసమ్మర్దము కలదిగా పేరొందినది. కేసారము నుండి దేవతామూర్తులుండు దేవరపెట్టె గట్టునకు చేరినది మొదలు, యాదవులు ముందు నడువగా సకలజాతులవారును మొక్కులు చెల్లింతురు. స్వామికి శాకనైవేద్యము, అచ్చటి అమ్మవారు చౌడమ్మకు వేట. దక్షిణముగా పాలకవీడు మండలములోని జాన్‌పహాడ్ సైదులు దర్గాకు పోయినచో అచ్చట కందూర్లు. హిందువులును ముస్లిములును ఒకే చెట్టునీడన పొయ్యిరాళ్లు పెట్టుకొని, మేకను కోసి వండి బంధువులకు వడ్డింతురు. ఆ మొక్కుల ఫలముగనే మా ఊళ్లలో వాడకొక సైదులో సైదమ్మయో కనబడుదురు. ఏడాదిలో ఇట్టి కొన్ని దినములలో మాత్రమే మాంసము పుష్కలము; తక్కిన దినములలో దాని ఊసే యెరుగని ఇండ్లు నా బాల్యమున అనేకము. ఒకనాటి సమృద్ధిని మూడునాళ్ల భోజనముగా సాగదీయవలసిన భారము ఇంటి ఆడువారిపై పడెడిది. వేట కోసినవానికిని, గట్టుమీద పెద్ద గంజులలో కూర వండినవానికిని దక్కిన పేరు, మరునాడు పొగలో కండ్లు తుడుచుకొనుచు బొక్కలను పప్పులో ఉడికించిన ఆమెకు ఏనాడును దక్కలేదు.

మా నాయనమ్మ పోగులు పంచునప్పుడే మెడముక్కలను, ప్రక్కటెముకలను, కీళ్ల బొక్కలను ఒక గిన్నెలోనికి వేరుచేసి, "ఇవి ముట్టకుండ్రి, రేపటికి పప్పుల ఏస్త" అనెడిది. రిఫ్రిజిరేటరు మాట ఆమె విననైన లేదు. ఆ రాత్రియే ఉప్పును పసుపును వేసి వానిని తెర్లకాచి, మూతపెట్టి, నిప్పులు ఆరని పొయ్యిమీదనే ఉంచెడిది. తెల్లవారుజామున కందిపప్పు కడిగి ఆ నీళ్లలోనే పోసెడిది, కొన్నిమారులు శనగపప్పు. పప్పు పలుకు విడిచి, బొక్కలనంటియున్న మాంసము తనంతట తాను ఊడివచ్చువరకు ఆమె గంటె ముట్టదు. పిమ్మట ఆనిగెపుకాయ ముక్కలు, ఉల్లిగడ్డ, పచ్చిమిరప. చింతపండు మాత్రము చిట్టచివర. చిన్నతనపు తొందరలో నేనొకమారు పులుసు ముందుగా పోయగా ఆనాడు పప్పు మధ్యాహ్నమైనను మెత్తబడలేదు. పులుపు తగిలిన పప్పు గింజ త్వరగా మెత్తబడదని తరువాత చదువుకొని తెలిసికొంటిని గాని, ఆమెకు ఆ సంగతి చేతివేళ్లకే తెలియును. ఎల్లిగడ్డ చితుకగొట్టి పోపు పెట్టగా ఆ కుండనుండి లేచిన చప్పుడునకు వాకిట ఆడుకొనుచున్న పిల్లలందరమును ఒక్కపెట్టున లోనికి వచ్చెడివారము. మూలుగ బొక్క ఎవరి పళ్లెములో పడునో అను ఆతురత మాది. ఆమె దానిని కొత్తగా కాన్పయిన మా చిన్నమ్మ పళ్లెములో వేసి, అంచుకు రెండు దెబ్బలు కొట్టి, మూలుగ రాలినదో లేదో వంగి చూచెడిది.

ఆ కుండలో జరుగునది సామాన్యమైన కార్యము కాదు. కీళ్లయందును చర్మమునందును గట్టి దారములవలె నుండు కొల్లాజెన్ అను మాంసకృత్తు, సన్నని సెగమీద గంటల తరబడి నీటిలో ఉడికిన పిమ్మట కరగి జెలటిన్‌గా మారును. చల్లారిన పులుసు గడ్డకట్టుటకును, వేడిగా నున్నప్పుడు పెదవులకు జిగటగా తగులుటకును అదియే హేతువు. అయితే ఆ జెలటిన్ ఒక్కటియే దేహపోషణకు చాలదు, అందు కొన్ని ఆవశ్యక అమైనో ఆమ్లములు కొరవడును. ఆ కొరతను పప్పు పూరించును. పప్పులోని కొరతను ప్రక్కన వడ్డించిన అన్నము పూరించును. 1918లో కూనూరున బెరిబెరి వ్యాధి పరిశోధనతో మొదలై 1958లో హైదరాబాదునకు తరలివచ్చిన జాతీయ పోషకాహార సంస్థ దశాబ్దములుగా ధాన్యమునకు పప్పును జతచేయుడని మనకు చెప్పుచునేయున్నది. కొద్దిపాటి మాంసపు రుచితో గంటెల కొలది పప్పును పిల్లలచేత ఇష్టముగా తినిపించు ఈ వంటకన్న ఆ హితవునకు సులభమైన మార్గము నాకు కనబడదు.

ఇది మా ఊరివారు మాత్రమే కనిపెట్టిన ఉపాయమనుకొనుట పొరపాటు. పంది తొడను ఉప్పునబెట్టి, పొగకు వ్రేలాడదీసి నిలువచేసిన హ్యామ్ అను మాంసము పండుగనాడు తినగా, మిగిలిన ఎముకను బఠానీ పప్పుతో ఉడికించుకొనుట ఐరోపా, అమెరికా ఖండములలో శతాబ్దములనాటి గృహాచారము. స్వీడను దేశీయులు నేటికిని గురువారమునాడు ఉప్పుమాంసము వేసిన పసుపు బఠానీల చారు త్రాగుదురు. శుక్రవారపు ఉపవాసమునకు ముందు కడుపు నింపుకొను పూర్వాచారము దానికి మూలమని చెప్పుదురు. డచ్చివారి బఠానీ చారు చెంచా నిలువుగా నిలుచునంత చిక్కన. 1867లో బెర్లిను నగరపు వంటవాడు గ్రూనెబెర్గ్ అనునతడు బఠానీ పిండిని, కొవ్వును, పందిమాంసమును కలిపి గొట్టమువలె చుట్టగా, నీటిలో కలిపి కాచుకొన్నచో నిమిషములలో చారగు ఆ పదార్థము 1870నాటి యుద్ధమున ప్రష్యా సైన్యమును పోషించినది. మన హైదరాబాదు దాల్చా ఇదే కుటుంబమునకు చెందినది. బగారా అన్నముతో పెండ్లి పందిళ్లలో నేడు సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ అంతటను వడ్డింపబడుచున్నది. గోధుమలును పప్పులును మాంసమును ఏకముగా నూరిన హలీమునకు 2010లో భౌగోళిక గుర్తింపు సైతము లభించినది. రాచనగరపు వంటకు లభించిన గౌరవము పల్లె కుండకు ఏల లభింపరాదు?

హ్యామునకు మన నేలమీద సరియైన సోదరి ఎవరని యోచించినచో, నాకు దాల్చాకన్న ముందుగా దళితవాడల ఒట్టి తునకలు స్ఫురించుచున్నవి. మాంసమును సన్నని పేలికలుగా కోసి, ఉప్పు పసుపు పట్టించి, దండెముపై ఎండబెట్టి, కుండలో దాచి, వానకాలమున కూలి దొరకని దినములలో పిడికెడు తీసి పప్పులోనో పుంటికూరలోనో వేసి వండిన ఆ తల్లుల నేర్పు, నిలువచేయు శాస్త్రములో ఏ దేశపు నేర్పునకును తీసిపోదు. ఊరు ఆ వాసనను చూచి ముక్కు మూసికొన్నది. ఆ అవమానమును భరించి వారు ఆ విద్యను నిలుపుకొనిరి. పాశ్చాత్యుని పొగమాంసమును నగరపు దుకాణములో వేలు పోసి కొని మెచ్చుకొనువారు తమ ఊరి తునకలను చిన్నచూపు చూచుట నాకు మిక్కిలి బాధాకరము.

ఇక పప్పు మాట. మా నాయనమ్మ కుండలోని కందిపప్పు అంగడిలో కొన్నది కాదు. చెల్కలలో జొన్నల నడుమ సాళ్లుగా వేసిన కంది, పుష్యమాసమునకు కోతకు వచ్చెడిది. కందులను నానబెట్టి, ఎర్రమన్ను పట్టించి ఎండబెట్టి, ఇసుర్రాయిలో విసరగా, జాతర నాటికి కొత్తపప్పు ఇంటనుండెడిది. నాగార్జునసాగరమునకు 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగినది, 1967 ఆగస్టు 4న కాలువలకు నీరు వదలిరి. ఎడమకాలువ మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ నేలలను తడిపినది, మాకు మూసీ నీరు తోడైనది. ఆ నీరు మా కడుపులు నింపినదనుటలో సందేహము లేదు, అన్నమునకు మొగము వాచిన తరమును నేను కన్నులార చూచితిని. కాని వరి వచ్చి కందిని వెళ్లగొట్టినది. నేడు వడ్ల రాసుల నడుమ కూర్చున్న రైతు, ఆఫ్రికా తీరములనుండియు బర్మానుండియు ఓడలలో వచ్చిన కందిపప్పును కిలోల లెక్కన కొని తెచ్చుకొనుచున్నాడు. శనగపప్పుకు మారుగా వాడు పసుపు బఠానీ కెనడానుండి, రష్యానుండి దిగుచున్నది. పప్పు ధర పెరిగినపుడెల్ల కుండలో నీళ్లు పెరుగును.

వరి మానుమని నేననను. పొలము గట్లు ఖాళీగా పడియున్నవి. ఆ గట్లమీద తొలకరిలో కంది గింజలు నాటుడని మాత్రము ప్రార్థింతును. కంది వేళ్లయందలి బుడిపెలలో నివసించు సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని నేలకిచ్చును. ఆకు రాలి గట్టుకు ఎరువగును. కట్టె పొయ్యిలోనికి వచ్చును. ఇంటికి చాలునంత పప్పు ఒక సంసారమునకు గట్లమీదనే పండగలదు. మండల వ్యవసాయాధికారులు వరి విత్తనములతోపాటు ప్రతి రైతునకు గుప్పెడు కంది విత్తనము గట్టుకొరకని ఇచ్చినచో ఖర్చు స్వల్పము, ప్రయోజనము తరతరములది.

నేటి జాతరలలో మిగిలిన మాంసము ఏమగుచున్నదో చూచినవారికి చెప్పనక్కరలేదు. ప్లాస్టిక్ పళ్లెములలో సగము తిన్న కూర, సంచులలో కట్టివేసిన బొక్కలు, గట్టు దిగువన కుక్కల కాట్లాట. ఇంటికి తెచ్చినదియు డబ్బాలలో వారము దినములు రిఫ్రిజిరేటరున మూలిగి, చివరకు మురుగుకాలువ పాలగుచున్నది. ఇచ్చట ఒక హెచ్చరిక చేయక తప్పదు: వండిన మాంసము రెండు గంటలకు మించి బయట చల్లారి పడియుండరాదు, వెంటనే చల్లని చోట దాచవలెను, మరల వండునపుడు పైపైన వెచ్చచేయుటగాక కుతకుతలాడునట్లు కాచవలెను. పాసిపోయినదానిని పొదుపు పేరిట పిల్లలకు పెట్టుట మహాపరాధము.

గడచిన జాతర మరునాడు మా తమ్ముని భార్య బొక్కల గిన్నెను వాకిటికి తీసికొనిపోవుచుండగా నేనడ్డుపడితిని. "ఏం జేస్తరు బావా వీటితోని? కుక్కలకేస్త" అన్నది. కూర్చుండి నేను చెప్పుచుండగా ఆమెయే వండినది. మొదట చింతపండు చేతబట్టగా ఆగుమంటిని. పండ్రెండేండ్ల ఆమె కొడుకు రెండవమారు గంటె వేయించుకొని, పళ్లెము అంచుకు బొక్కను దడదడ కొట్టుచు, "దీంట్లకెళ్లి ఇంక రాదానే?" అని తల్లినడిగినాడు. ఆమె వంగి చూచినది.