పోలీసు గడియారం చూసి కొలువు తీస్తారా?

తప్పు చేసినోడికి శిక్ష పడాల్సిందే. అందులో మాకు రెండో మాట లేదు. కానీ తప్పు చేశాడో లేదో తేల్చేదెవరు? కోర్టా? శాఖ జరిపే విచారణా? లేక ఠాణా గోడ మీది గడియారమా? డ్యూటీ దిగాక, ఆఫీసు బయట జరిగిన గొడవలో పేరు వచ్చిన ఉద్యోగి విషయంలో మన సర్కారు గడియారాన్నే నమ్ముకుంది.

1991లో ఉమ్మడి రాష్ట్రం సివిల్ సర్వీసెస్ నియమాలు తెచ్చింది. రాష్ట్రం వేరుపడ్డా ఆ నియమాలు మనకు వారసత్వంగా వచ్చాయి. అందులోని ఎనిమిదో నియమం ప్రకారం ఉద్యోగి 48 గంటలు మించి కస్టడీలో ఉంటే, అదుపులోకి తీసుకున్న నాటి నుంచే సస్పెండ్ అయినట్టు లెక్క. ఆ కేసుకు, అతడు చేసే పనికి సంబంధం ఉందా అని ఆ నియమం అడగదు. కేసు నిజమా, కక్షతో పెట్టిందా అనీ అడగదు. రెండో శనివారం ముందు శుక్రవారం సాయంత్రం అరెస్టు చూపిస్తే చాలు. శనివారం, ఆదివారం కోర్టుకు సెలవు. సోమవారం బెయిల్ కాగితం కదిలేలోపు గడువు దాటిపోతుంది. అంటే కొలువు ఉండాలా పోవాలా అన్నది నేరం తీవ్రతను బట్టి కాదు, అరెస్టు చేసిన వారాన్ని బట్టి తేలుతోంది. ఇదేం న్యాయం?

ఈ కిటుకు ఊళ్లల్లో అందరికీ ఎరుకే. దౌల్తాబాద్ లాంటి మండలంలో అన్నదమ్ముల మధ్య గెట్టు పంచాది ముదిరితే ఏం జరుగుతుందో చూడండి. కొట్లాట ఇద్దరి మధ్యే జరుగుతుంది. ఫిర్యాదులో మాత్రం ఇంటిల్లిపాది పేర్లు ఎక్కుతాయి. ‘నౌకరి చేసేటోని పేరు కూడ రాయించు, అప్పుడే దారికొస్తరు’ అని సలహా ఇచ్చే పెద్దమనుషులకు ఏ ఊళ్లోనూ కొదవ లేదు. గెట్టు కాడ లేని పంతులు, దవాఖానలో డ్యూటీలో ఉన్న కాంపౌండర్, తహసీల్ ఆఫీసులో జూనియర్ అసిస్టెంట్ అందరూ నిందితులే అవుతారు. భూమి తగాదా భూమి దగ్గర తేలదు, కొలువు మెడ మీద కత్తి పెట్టి తేలుతుంది. ఆ కత్తిని వాళ్ల చేతికి ఇచ్చింది ఎవరు? ఈ 48 గంటల నియమం కాదా?

ఇది చిన్న ఉద్యోగికే. పెద్దోళ్ల సంగతి చూడండి. ఎమ్మెల్యే మీద ఎన్ని కేసులున్నా, కోర్టు దోషి అని తేల్చి కనీసం రెండేండ్ల శిక్ష వేసేదాకా సాధారణంగా సీటు కదలదు. 2024లో ఢిల్లీ ముఖ్యమంత్రి జైలు నుంచే నెలల తరబడి ముఖ్యమంత్రిగా కొనసాగారు. మంత్రులను తప్పించేందుకు 2025 ఆగస్టులో కేంద్రం లోక్‌సభలో పెట్టిన రాజ్యాంగ సవరణ బిల్లు కూడా వాళ్లకు 30 రోజుల కస్టడీ గడువు ఇచ్చింది. అదీ అయిదేండ్లు, అంతకు మించిన శిక్ష పడే నేరమైతేనే. మంత్రికి 30 రోజులు, అటెండర్‌కు 48 గంటలు! నిర్దోషిత్వం కూడా హోదాను బట్టి కొలిచి పోస్తారా?

తీర్పు రాకముందే శిక్ష వేస్తే ఏమవుతుందో కోలార్ బంగారు గనుల కథ చెబుతుంది. తెలుగోళ్లు తరతరాలుగా చెమటోడ్చిన గనులవి. అక్కడి భారత్ గోల్డ్ మైన్స్‌లో పనిచేసే ఒక భద్రతాధికారి ఇంటి మీద 1985లో పోలీసులు దాడి చేశారు. బంగారు ముద్ద, బంగారు ఇసుక దొరికాయని కేసు పెట్టారు. కంపెనీ వెంటనే సస్పెండ్ చేసింది. జీవనభృతి కూడా ఇవ్వలేదు. విచారణకు వచ్చేందుకు చేతిలో పైసలు లేని మనిషి లేకుండానే విచారణ ముగించి, 1986లో డిస్మిస్ చేసింది. 1987లో క్రిమినల్ కోర్టు అతడిని నిర్దోషిగా విడుదల చేసింది. అయినా కొలువు తిరిగి రాలేదు. 1999లో సుప్రీంకోర్టు చెబితే తప్ప కంపెనీ దిగిరాలేదు. మొత్తం జీతం బకాయిలతో తిరిగి తీసుకోవాలని కోర్టు ఆదేశించింది. పైసలు వస్తాయి సరే, పోయిన 14 ఏండ్లు ఎవరిస్తారు?

ఫ్యాక్టరీ యజమానికైనా కార్మికుడి బతుకంతటి మీద పెత్తనం లేదు. 1983లో గ్లాక్సో కంపెనీ కేసులో సుప్రీంకోర్టు ఈ మాటే చెప్పింది. ఫ్యాక్టరీ ఆవరణలోనో, దాని పరిసరాల్లోనో జరిగిన తప్పుకు శిక్షించే అధికారాన్ని, గేటు దాటాక ఎక్కడ ఏం జరిగినా వర్తించేలా సాగదీయొద్దని స్పష్టం చేసింది. యజమాని కొనుక్కున్నది పని గంటలను. మనిషిని కాదు.

‘మరి బాధితుల సంగతేంది?’ అని అడుగుతారు. అడగాల్సిందే. పిల్లల మీద అఘాయిత్యం చేశాడని ఫిర్యాదు వచ్చిన పంతులు తెల్లారి బడిలో కాలు పెట్టొద్దు. 48 గంటలు కాదు, 48 నిమిషాలు కూడా ఆగొద్దు. అది బడి బయట జరిగినా సరే. ఎందుకంటే అక్కడ నేరానికి, కొలువుకు నేరుగా సంబంధం ఉంది. సొసైటీ డబ్బులు తిన్నాడన్న ఆరోపణ ఉన్నోడి చేతిలో ఆఫీసు క్యాష్ పెట్టొద్దు. కుర్చీ బలంతో సాక్షులను బెదిరించేటోడిని ఆ కుర్చీలోంచి లేపాలి. భార్యను హింసించిన కేసును ‘ఇంటి సంగతి’ అని కొట్టిపారేయడానికి మేము ఒప్పుకోం. కానీ ఒకటి గుర్తుంచుకోండి. విచారణ లేకుండా కొలువు ఊడగొడితే ఆ భార్యకు, పిల్లలకు రావాల్సిన మనోవర్తి కూడా ఆ జీతంతోనే పోతుంది. కుర్చీ నుంచి తప్పించడం వేరు, అన్నం గిన్నె గుంజుకోవడం వేరు.

రెగ్యులర్ ఉద్యోగికి సస్పెన్షన్‌లో సగం జీతమన్నా వస్తుంది. ఔట్‌సోర్సింగ్ ఉద్యోగికి అదీ లేదు. ఠాణాకు పిలిచారన్న వార్త చాలు, ‘రేపటి నుంచి రావద్దు’ అని ఏజెన్సీ నుంచి ఫోన్ వస్తుంది. మెమో ఉండదు, సంజాయిషీ ఉండదు, అప్పీలు ఉండదు. ఒకే ఆఫీసులో, ఒకే బల్ల ముందు కూర్చునే ఇద్దరికి రెండు న్యాయాలు!

ఈ మాట తెలంగాణ ఉద్యోగికి, విద్యార్థికి ఎవరూ నేర్పనక్కర్లేదు. 1969లో టీఎన్జీఓ నాయకుడు కె.ఆర్. ఆమోస్‌ను సర్కారు కొలువు నుంచి డిస్మిస్ చేసింది. 2009 తర్వాత ధర్నాలు, రాస్తారోకోలు, రైలురోకోల్లో ఎందరి మీదో కేసులు పడ్డాయి. స్వరాష్ట్రం వచ్చాక చాలా కేసులు ఎత్తేసినా, రైల్వే కేసులు కొన్ని ఏండ్ల తరబడి కోర్టుల్లో నానాయి. ఎఫ్ఐఆర్‌లో పేరుంటేనే నేరస్తుడంటే ఆనాడు సగం తెలంగాణ నేరస్తులే కదా! ఆనాడు మనకు అన్యాయమైంది ఈనాడు మన సర్కారు చేస్తే న్యాయమెట్లా అవుతుంది?

అందుకే మేము అడిగేది ఇది. 48 గంటల నియమాన్ని తీసేయాలి. సస్పెన్షన్ కావాలంటే కారణం రాసి, నేరానికి కొలువుకు ఉన్న సంబంధం చూపించి, అధికారి సంతకం పెట్టాలి. చార్జిమెమో ఇవ్వకుండా మూడు నెలలు మించి సస్పెన్షన్ సాగదీయొద్దని 2015లో అజయ్ కుమార్ చౌదరి కేసులో సుప్రీంకోర్టు చెప్పిన మాటను మండల ఆఫీసు దాకా అమలు చేయాలి. జీవనభృతి ఒక్క నెల కూడా ఆగొద్దు. కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్ ఉద్యోగులకు కూడా ఇవే రక్షణలు ఉండాలి. నిర్దోషి అని కోర్టు గౌరవంగా విడుదల చేసినోడికి ఉన్న జాగలోనే, ఉన్న సీనియారిటీతోనే కొలువు తిరిగి ఇవ్వాలి.

ఉద్యోగ సంఘాలు పీఆర్సీ, డీఏల కోసం చేసే కొట్లాటలో ఇదీ కలపాలి. జీతం ఎంత పెరిగినా, ఒక శుక్రవారం సాయంత్రం పోయే కొలువుకు భరోసా ఏది?