అక్షరాలకూ డూపులున్నారు!

పోయిన నెల మా మేనకోడలి శుభలేఖ వచ్చింది. కవరు చూడగానే "అరె, బాపుగారి వ్రాత!" అనేశాను. బాపుగారు 2014లోనే వెళ్లిపోయారు గదా, మరి ఈ వ్రాత ఎక్కణ్ణించి వచ్చిందంటారా? కంప్యూటర్లోంచి! ఆయన అక్షరాల్ని ఫాంటుగా మలచి చాలాకాలమే అయింది. హీరోగారి బదులు మేడమీంచి దూకే డూపు సంగతి మీకు తెలుసు. ఇది చేతివ్రాతకి డూపు అన్నమాట.

డూపు అందగాడే సుమా, కాదన్ను! కానీ ఓ చిక్కుంది. "ముత్యాలముగ్గు" అని చేత్తో రెండుసార్లు 'ము' వ్రాయండి. ఆ రెండూ ఒక్కలా రావు. మొదటిది కాస్త వొళ్లు విరుచుకుంటే, రెండోది పక్కనున్న 'గ్గు'కి చోటిచ్చి సర్దుకుంటుంది. ఫాంటులో మాత్రం రెండూ అచ్చం కవలపిల్లలే.

ఈ బాధ తెల్లవాళ్లకీ ఉంది. జర్మనీలో హెర్మన్ జాఫ్ అనే పెద్దాయన, 1944లో తన నోటుబుక్కులో వ్రాసుకున్న అక్షరాల్ని 1998లో "జాఫినో" అనే ఫాంటుగా తెచ్చాడు. తోకలూ, మెలికలూ, ఊయల ఊగినట్టుండే గీతలూ! డూపని పట్టుబడకుండా ఒకటి కాదు, నాలుగు వరుసల అక్షరమాలలిచ్చాడు. ఒకే మాటలో ఒకే అక్షరం రెండుసార్లొస్తే వేరువేరు రూపాలు వాడుకోవచ్చు. మన తెలుగుకి గుణింతాలూ ఒత్తులూ కలిపి లెక్కేస్తే అదెంత పనో ఊహించుకోండి!

ఇంతకీ ఇదంతా ఎందుకు ఎత్తానంటే, మొన్నో కుర్రాడు తన చిన్న సినిమా చూపించాడు. కథ హత్య. తెరమీద పేరు పడగానే వెనకవరసలో కిసుక్కుమన్నారు. పేరేమో పెళ్లిపందిరి అక్షరాల్లో ఉంది మరి! పాపం, పది నిమిషాలదాకా జనం కామెడీ కోసమే ఎదురుచూశారు. శవం కనబడ్డా నమ్మలేదు!

"అందంగా ఉందని పెట్టాను గురువుగారూ" అన్నాడు బిక్కమొహంతో.

అందమే, ఎవరు కాదన్నారు? శుభలేఖలో పేర్లకీ, కథ శీర్షికకీ, ప్రేమకథ టైటిలుకీ పెట్టు, వెలిగిపోతుంది. నాలుగైదు మాటలు, పెద్దసైజు, కింద ఒత్తులకి దండిగా జాగా. అంతే. అదే అక్షరాల్లో పేజీడు మేటరు కూర్చావో, చదివేవాడికి కళ్లు నొప్పులు. మా వీధి చివర పళ్లడాక్టరుగారి బోర్డుమీదా అవే వయ్యారాలు. చూస్తే పన్ను పీకించుకోబుద్ధి కాదు, పేరంటానికి వెళ్లాలనిపిస్తుంది!

కుర్రాడు మూడ్రోజులు మాయమై, మొండి బ్రష్షుతో తనే పేరు వ్రాసి పట్టుకొచ్చాడు. 'హ' కాస్త వంకరగా ఉంది. "దిద్దమంటారా?" అనడిగాడు.

వద్దన్నాను.