శిక్షకునికి శిక్ష



‘శిక్ష’ అన్న మాట మన భాషలోకి వచ్చి అర్థం మార్చుకున్నది. సంస్కృతంలో దాని మొదటి అర్థం నేర్పడం, నేర్చుకోవడం. ఆరు వేదాంగాలలో ఒకటైన శిక్ష వర్ణోచ్చారణను నేర్పే శాస్త్రం. తెలుగువానికి మాత్రం శిక్ష అంటే దండనే. శిక్షణ, శిక్షకుడు అన్న మాటలలో పాత అర్థం ఇంకా బ్రతికి ఉన్నది. ఈ రెండర్థాలూ వచ్చి ఒకే మనిషి మీద పడితే? నేరం ఋజువై న్యాయస్థానం శిక్షించిన ఉపాధ్యాయుణ్ణి ఏం చేయాలి? ఈ టపాలో విషయం ఇదే. నేను న్యాయవాదిని కాను. ముప్పైమూడేళ్ళు తెలుగు పండితుడుగా పనిచేసి విశ్రాంతి తీసుకున్నవాణ్ణి. నాకు చేతనైనది మాటలకు అర్థం వెదకడం. ఆ దారినే వెళతాను.

ఆ మధ్య ఒక పూర్వ విద్యార్థి నంద్యాలలో మా యింటికి వచ్చాడు. ఒక చిన్న ప్రైవేటు పాఠశాల నడుపుతున్నాడు. ఉద్యోగానికి వచ్చిన ఒకాయన కాగితాలు నా ముందుంచి, “అయ్యవారూ, ఈయన ఇంతకుముందు ఆళ్లగడ్డ దిక్కు పనిచేసినాడంట. మీకేమన్నా ఎరికనా?” అని అడిగాడు. నాకు ఆయన ఎవరో తెలియదు. కాగితాలలో మంచి తెలుగులో వ్రాసిన యోగ్యతాపత్రం ఒకటి ఉన్నది. దానిని చదువుతుంటే నాకు చెమట పట్టింది. అటువంటిది ఒకప్పుడు నేనూ వ్రాశాను.

1990ల చివరి సంగతి. ఊరి పేరు, బడి పేరు వద్దు. ఒక ప్రైవేటు బడి కరస్పాండెంటు నా దగ్గరకు వచ్చి, తమ ఉపాధ్యాయుడు సొంత పనుల మీద మానేస్తున్నాడనీ, నాలుగు మంచి మాటలతో పత్రం వ్రాసిపెడితే తాను సంతకం చేసి ఇస్తాననీ అన్నాడు. నేను కారణం అడగలేదు. అడగలేదనడం కూడా పూర్తి నిజం కాదు. ఒక ఆడపిల్ల తండ్రి బడికి వచ్చి కేకలు వేసిన సంగతి ఊళ్ళో అందరితో పాటు నాకూ తెలుసు. పిల్ల పరువు పోతుందని పెద్దమనుషులు సర్దిచెప్పి పంపించిన సంగతీ తెలుసు. అయినా వ్రాశాను. విధినిర్వహణలో నిష్ఠ, విద్యార్థుల యెడల వాత్సల్యం అని వ్రాశాను. వాత్సల్యం!

మూడేళ్ళ తర్వాత వేరే ఊళ్ళో, వేరే బడిలో, మరొక పిల్ల విషయంలో ఆయన మీద కేసు నడిచి జైలుశిక్ష పడింది. పత్రికలో నాలుగు వరుసల వార్త చదివాను. ఆ రెండవ బడి తలుపు తీసిన కాగితం నేను వ్రాసినదే అయివుంటుంది. శిక్ష ముగించుకొని వచ్చాక మూడవ ఊళ్ళో ఒక ట్యుటోరియల్‌లో పాఠాలు చెబుతున్నాడని విన్నాను. ఎవరూ అడ్డుకోలేదు. అడ్డుకోవడానికి ఆయన పేరు తీసివేయవలసిన పట్టిక అంటూ ఎక్కడా లేదు మరి.

ఇప్పుడు రెండవ మనిషి కథ. ఈయన ప్రభుత్వోపాధ్యాయుడు, నా సహోద్యోగి. స్వగ్రామం ఆళ్లగడ్డకు దగ్గరలో. మా వైపు కక్షల సంగతి తెలిసినవారికి ఒక రివాజు కూడా తెలిసే ఉంటుంది. ఊళ్ళో కొట్లాట జరిగితే, ఫిర్యాదులో ఎదుటి పక్షంలోని ఉద్యోగస్థుల పేర్లు కూడా చేర్చుతారు. చేను తగలబెడితే ఒక పంట పోతుంది. ఉద్యోగం తీసేస్తే ఇల్లంతా కూలుతుంది. ఈయన పేరు అట్లాగే చేరింది. ఆ రోజు ఊళ్ళోనే ఉన్నాడు గాని కొట్లాటలో లేడని ఆయన మాట. నేను నమ్మాను. క్రింది కోర్టు నమ్మలేదు. పదిమందితో పాటు ఆయనకూ శిక్ష వేసింది. ఆ తీర్పు వచ్చిన కొన్ని నెలలకే ఉద్యోగం పోయింది. ఆరేళ్ళకు హైకోర్టు ఆయనను నిర్దోషి అన్నది. తిరిగి ఉద్యోగం వచ్చింది. నడుమ పోయిన ఆరేళ్ళ జీతం రాలేదు. మొదటి రోజు బడికి వచ్చినప్పుడు ఆయన చాలాసేపు వరండాలోనే నిలబడిపోయాడు. తరగతిలోకి పోవడానికి సిగ్గుపడుతున్నాడని నాకు తర్వాత అర్థమైంది.

పిల్లల జోలికి పోయినవాడు పాఠాలు చెబుతూనే ఉన్నాడు. ఊరి కక్షలో పేరు పడినవాడు ఆరేళ్ళు ఇంట్లో కూర్చున్నాడు. ఇట్లా ఎందుకైందో తెలియాలంటే చట్టం ఏమంటుందో చూడాలి.

ప్రభుత్వోద్యోగిని విచారణ లేకుండా తొలగించరాదని రాజ్యాంగం 311వ అధికరణం చెబుతుంది. దానికొక మినహాయింపు ఉన్నది. నేరారోపణ మీద శిక్షపడడానికి కారణమైన ప్రవర్తనను బట్టి తొలగించేటప్పుడు మళ్ళీ విచారణ అక్కరలేదు. మన రాష్ట్రంలో 1991 నాటి సివిల్ సర్వీసుల వర్గీకరణ, నియంత్రణ, అప్పీలు నియమాలలో 25వ నియమం ఇదే చెబుతుంది. కోర్టు సాక్ష్యాలు విని తేల్చినదానిని శాఖ మళ్ళీ మొదటినుంచి తేల్చనక్కరలేదనడం సబబే.

అప్పీలు వేసుకున్నాను గదా, అది తేలేవరకు ఆగండి అంటే? ఈ ప్రశ్న మదరాసు కళాశాల విద్యాశాఖ ఉద్యోగి నాగూర్ మీరా కేసులో సుప్రీంకోర్టు ముందుకు వచ్చింది. అప్పీలులో శిక్ష అమలు నిలిపివేసినంత మాత్రాన దోషనిర్ణయం నిలిచిపోదనీ, శాఖ ఆగనక్కరలేదనీ, తర్వాత నిర్దోషిగా తేలితే ఉత్తర్వును సవరించుకోవచ్చుననీ 1995లో తీర్పు వచ్చింది. సవరించుకున్నప్పుడు పాత జీతం? అది హక్కుగా రాదని గుజరాత్ విద్యుత్ బోర్డు ఉద్యోగి రంఛోడ్‌జీ కేసులో 1996లో చెప్పారు. నా మిత్రుని ఆరేళ్ళు ఈ రెండు తీర్పుల నడుమ పోయాయి. ఇంతకంటె కఠినమైన నియమాలూ ఉండేవి. మహారాష్ట్రలో శిక్షపడి అప్పీలులో ఉన్న ఉద్యోగికి జీవనభృతి నెలకు ఒక్క రూపాయి అని ఉండేది. చంద్రభాన్ కేసులో 1983లో సుప్రీంకోర్టు దానిని కొట్టివేసింది.

నా వంటి పండితుడు ఆగవలసిన చోటు ఆ 311వ అధికరణంలోనే ఉన్నది. అక్కడి మాట ‘శిక్ష’ కాదు, శిక్షకు కారణమైన ‘ప్రవర్తన’. శిక్ష పడింది కనుక తీసేయండి అని అది అనడం లేదు. ఆ ప్రవర్తన ఎట్టిదో చూడండి అంటున్నది. 1985లో తులసీరాం పటేల్ కేసులో సుప్రీంకోర్టు ఉద్యోగి వాదన మళ్ళీ వినవలసిన పని లేదని చెబుతూనే, అధికారి మాత్రం తీర్పు చదివి, ఆ ప్రవర్తన తీవ్రతను తూచి, దానికి ఏ దండన తగునో ఆలోచించాలని చెప్పింది. ఆ సంవత్సరమే శంకర్‌దాస్ అనే ఢిల్లీ పాలసరఫరా సంస్థ గుమాస్తా విషయంలో ఇంకా స్పష్టంగా తేల్చింది. ఐదువందల రూపాయలు సకాలంలో జమచేయక శిక్షపడినవాడు అతడు. ఇంట్లో కష్టాలు చూచి మేజిస్ట్రేటు ప్రొబేషన్ మీద విడిచిపెట్టాడు. శాఖ మాత్రం ఉద్యోగం తీసేసింది. దండించే హక్కుతో పాటు న్యాయంగా దండించే బాధ్యత కూడా ఉంటుందని చెప్పి న్యాయస్థానం అతనికి ఉద్యోగం తిరిగి ఇప్పించింది.

కాని ఆచరణలో? నా మిత్రుని ఉత్తర్వు నేను చదివాను. ఒకటిన్నర పుట. కేసు నంబరు, సెక్షన్లు, శిక్షాకాలం, నియమం సంఖ్య, తొలగింపు. ఆయన ఆ కొట్లాటలో ఏమి చేశాడని కోర్టు అన్నదో, దానికీ తరగతి గదికీ ఏమి సంబంధమో ఒక్క వాక్యం లేదు. ప్రవర్తన అన్న మాటను ఎవరూ చదవలేదు.

ఇక ఆ మొదటి మనిషి. ప్రైవేటు బడులలో క్రమశిక్షణ చర్యలకు 1982 విద్యాచట్టంలో నిబంధనలున్నవి. కాని తానే రాజీనామా చేసి వెళ్ళినవానిపై విచారణ ఎవరు చేస్తారు? వకీలు తప్పుచేస్తే బార్ కౌన్సిల్ అతని పేరు కొట్టివేయగలదు. వైద్యునికి వైద్యమండలి ఉన్నది. మనకు జాతీయ ఉపాధ్యాయ విద్యామండలి ఉన్నది గాని, అది అర్హతలు నిర్ణయిస్తుంది. తప్పుచేసిన ఉపాధ్యాయుని పేరు కొట్టివేయడానికి దాని దగ్గర పట్టిక లేదు. అందువల్ల మన దేశంలో ఉపాధ్యాయుడు ఉద్యోగిగా దండన పొందుతాడు, ఉపాధ్యాయుడుగా కాదు. ఉద్యోగం పోతుంది. వృత్తి పోదు.

ఇంగ్లండులో వేరొక పద్ధతి చూశారు. అక్కడ 2000లో ఉపాధ్యాయ మండలి పని మొదలుపెట్టింది. కోర్టులో శిక్షపడిన ఉపాధ్యాయుని ముందు అది పెట్టిన ప్రశ్న: ఈ నేరానికీ, ఉపాధ్యాయుడుగా ఉండే యోగ్యతకూ సంబంధం ఉన్నదా? 2012లో ఆ మండలిని రద్దుచేసినా ప్రశ్న పోలేదు. ఇప్పుడు మరొక సంస్థ బహిరంగంగా విచారించి, తగనివారిని బోధననుంచే నిషేధిస్తున్నది. మన 311వ అధికరణంలోని ‘ప్రవర్తన’ కూడా అడిగేది అదే ప్రశ్న గదా!

మన దగ్గరా కొంత మారింది. 2012 పోక్సో చట్టం ప్రకారం పిల్లలపై లైంగిక నేరం జరిగిందని తెలిసినవాడు ఫిర్యాదు చేయకపోతే అది నేరం. తన క్రింది ఉద్యోగి విషయం దాచిన సంస్థాధిపతికి ఏడాది వరకు జైలు. నేను ఆ పత్రం వ్రాసిన నాటికి ఈ చట్టం లేదు. అది నాకు సమాధానం కాదు. 2020 నాటి పోక్సో నియమాలు బడులలో ప్రతి ఉద్యోగి పూర్వాపరాలనూ పోలీసుల ద్వారా ఎప్పటికప్పుడు విచారించాలని చెబుతున్నవి. మంచిదే. అయితే ఆ విచారణలో తేలేది కేసుదాకా పోయిన సంగతి. పెద్దమనుషుల రాజీలో, మంచి తెలుగు యోగ్యతాపత్రంలో సమసిపోయిన సంగతి ఏ ఠాణా పుస్తకంలో దొరుకుతుంది?

ఆళ్లగడ్డ శిల్పుల సంగతి మీకు తెలిసే ఉంటుంది. ఎన్నో ఆలయాలకు విగ్రహాలు అక్కడినుంచి వెళతాయి. ఒకసారి ఒక శిల్పి పనిచేస్తుండగా ప్రక్కన పెట్టిన రాయి చూసి, పారేస్తారా అని అడిగాను. “పారెయ్యం సామీ. పగులుండాది. మెట్టుకో గడపకో వాడుకుంటాం. గర్భగుడికి మాత్రం పంపం” అన్నాడు. ఆ రాయిని ఎందుకు ప్రక్కన పెట్టాడో అతనికి తెలుసు. సుత్తితో తట్టి, మ్రోగిన శబ్దం విని నిర్ణయించాడు. చూడకుండా పారవేయలేదు, చూడకుండా గుడికీ పంపలేదు.

కావున నా మనవి ఇది. శిక్షపడిన ఉపాధ్యాయుని విషయంలో శాఖ ఇచ్చే ప్రతి ఉత్తర్వులోనూ ఆ ప్రవర్తనకూ బోధనకూ గల సంబంధం వ్రాసితీరాలి. పిల్లలపై నేరమైతే ఆ ఒక్క కారణమే చాలు, దయ అక్కరలేదు. ఊరి తగాదా అయితే అప్పీలు తేలేవరకు బోధనకు దూరంగా ఏదో ఒక పనిలో ఉంచి, కుటుంబాన్ని ఆకలికి వదలకుండా చూడవచ్చు. రెండవది, ప్రభుత్వ, ప్రైవేటు భేదం లేకుండా ఉపాధ్యాయులందరికీ ఒక పట్టిక ఉండాలి. పిల్లల పట్ల తప్పుచేసినవాని పేరు అందులోనుంచి తొలగాలి. విచారణ ముందున్నప్పుడు రాజీనామా ఇచ్చి తప్పించుకొనే వీలు ఉండరాదు.

అటువంటి పట్టిక మా సీమలో కక్షలకు మరొక ఆయుధం అవుతుందని నా మిత్రుడే అన్నాడు. ఆయన భయం నిజమైనది. అందుచేత ఫిర్యాదు వచ్చినంతనే పేరు కొట్టివేయరాదు. కోర్టు తీర్పో, ఉభయుల మాట విన్న విచారణో ఉండాలి. పైకోర్టు నిర్దోషి అన్నరోజున పేరు మళ్ళీ చేరాలి, పోయిన జీతమూ రావాలి.

చివరిగా, నా పెన్షను సంగతి. 1980 పెన్షను నియమాలలో 8వది ప్రకారం, విశ్రాంతి పొందినవాని పెన్షను కూడా అతని సత్ప్రవర్తన మీద ఆధారపడి ఉంటుంది. తీవ్రమైన నేరానికి శిక్షపడితే నిలిపివేయవచ్చు. నా మీద ఏ కేసూ లేదు కనుక ప్రతి నెలా మొదటివారంలో నా పెన్షను వస్తున్నది. ఆ వాత్సల్యం అన్న మాట వ్రాసినందుకు ఏ నియమం క్రిందా నన్ను విచారించేవారు లేరు.

నా శిష్యునికి చెప్పాను: “కాగితం నమ్మవద్దు నాయనా. ఆయన పనిచేసిన బడికి నీవే వెళ్ళు. కరస్పాండెంటును కాదు, ఆ బడిలో చదివిన పిల్లల తల్లిదండ్రులను అడుగు.” వెళ్ళివచ్చాడో లేదో ఇంకా చెప్పలేదు.

మీలో ఉపాధ్యాయులున్నారు, న్యాయశాస్త్రం చదివినవారూ ఉన్నారు. తప్పులుంటే దిద్దండి. మీ ఊళ్ళలో ఇటువంటివి ఎట్లా పరిష్కరించారో వ్రాయండి.

స్వస్తి.