పరాయి ఇంట్లో చిన్నది

కోనసీమలో ‘కువైట్’ మాట వినపడని పల్లె లేదు. అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాల నుంచి ఎందరో తల్లులు, అక్కచెల్లెళ్లు గల్ఫ్ దేశాలకు వెళ్లి ఇళ్లలో పనిచేస్తున్నారు. మగవాళ్లు వెళ్తే సాధారణంగా క్యాంపులో నలుగురు తెలుగువాళ్లతో కలిసి ఉంటారు. ఇంటిపనికి వెళ్లిన స్త్రీకి ఆ ఆసరా ఉండదు. ఆమె పనిచేసేదీ, తలదాచుకునేదీ ఆ పరాయి ఇంట్లోనే. యజమానురాలిని ‘మామా’ అనీ, యజమానిని ‘బాబా’ అనీ పిలవడం నేర్చుకోవాలి. మనకు మామ అంటే మేనమామ, అక్కడేమో ఇంటి ఇల్లాలు! భాష, తిండి, నిద్రవేళలు అన్నీ కొత్తే. రంజాన్ నెలలో అర్ధరాత్రి దాటినా వంటింట్లో పని తెమలదు. శుక్రవారం సెలవిస్తే ఆరాధనకు వెళ్తుంది, ఇవ్వకపోతే నెలల తరబడి ప్రభువు బల్లకు దూరమవుతుంది.

ఇలా పరాయి ఇంట్లో అడుగుపెట్టిన ఆడపిల్ల ఒకతె బైబిలులో ఉంది. సిరియా సేనాధిపతి నయమాను భార్యకు పరిచర్య చేసిన ఇశ్రాయేలు బాలిక ఆమె (2 రాజులు 5). ఆమె పేరు గ్రంథంలో లేదు. దోపిడీ దండుకు చిక్కి చెరగా వెళ్లిన పిల్ల. అయినా యజమాని కుష్ఠురోగం చూసి జాలిపడింది. షోమ్రోనులోని ప్రవక్త దగ్గరకు వెళ్తే బాగుపడతాడని యజమానురాలికి చెప్పింది. ఆ ఇంటివారు ఆమె మాటను పెడచెవిన పెట్టలేదు, సంగతి రాజు దాకా వెళ్లింది. హెబ్రీ మూలంలో ఇక్కడో విశేషముంది. ఆమెను ‘చిన్న బాలిక’ అన్న రచయిత, యొర్దానులో మునిగి లేచిన నయమాను దేహాన్ని పోల్చేటప్పుడూ అవే మాటల పురుష రూపం, ‘చిన్న బాలుడు’, వాడాడు. మహా సేనాధిపతి చివరికి తన ఇంటి పనిపిల్ల పోలికలోకి వచ్చాడు!

ఈ కథను మనం తరచుగా ఒక వైపు నుంచే బోధిస్తాం. ‘ఎక్కడున్నా నమ్మకంగా పనిచెయ్యి, దేవుడు వాడుకుంటాడు’ అంటాం. అది నిజమే. కానీ ఆ బాలికను చెరపట్టుకుపోవడం మంచిపని అని బైబిలు అనలేదు. జీతం ఇవ్వక, కొట్టి, గదిలో పెట్టి తాళం వేస్తున్నారని ఏడుస్తూ ఫోన్ చేసిన చెల్లికి ‘ఓర్చుకో అమ్మా, దేవుని చిత్తం’ అని చెప్పడం కాపరి పని కాదు. కఠినులైన యజమానులకు కూడా లోబడమని పేతురు రాయలేదా (1 పేతురు 2:18) అని కొందరు అడుగుతారు. అది వేరే దారి లేని దాసులకు చెప్పిన ఓదార్పు. స్వతంత్రత పొందే వీలుంటే దాన్ని వినియోగించుకోమని పౌలు స్పష్టంగా చెప్పాడు (1 కొరింథీ 7:21). మన చెల్లెళ్లు దాసులు కారు, జీతానికి వెళ్లిన పనివారు.

వారికి హక్కులూ ఉన్నాయి. కువైట్‌లో 2015లో వచ్చిన 68వ నంబరు చట్టం ప్రకారం ఇంటిపనివారికి రోజుకు 12 గంటలకు మించి పని చెప్పకూడదు. వారానికి ఒకరోజు, ఏడాదికి 30 రోజులు జీతంతో సెలవివ్వాలి. ఆమె సమ్మతి లేకుండా పాస్‌పోర్టు యజమాని దగ్గర ఉంచుకోకూడదు. అయితే నాలుగు గోడల మధ్య చట్టం అమలయ్యేదీ లేనిదీ చూసేదెవరు? చెప్పకుండా ఇల్లు దాటితే ‘పారిపోయింది’ అని కఫీల్ కేసు పెట్టవచ్చు. అందుకే అక్కడి భారత రాయబార కార్యాలయం కష్టంలో ఉన్న పనివారికి ఆశ్రయం ఇస్తుందన్న సంగతి ఆమెకు విమానం ఎక్కకముందే తెలియాలి. ఇ.సి.ఆర్. పాస్‌పోర్టుపై గల్ఫ్‌లో ఇంటిపనికి వెళ్లే స్త్రీకి 30 ఏళ్లు నిండాలన్న మన ప్రభుత్వ నిబంధనను దాటించడానికి విజిట్ వీసా మీద పంపుతానన్న ఏజెంటును నమ్మకూడదని కూడా తెలియాలి.

ఈ మాటలు చెప్పడానికి సంఘం కంటే మంచి చోటు ఏది? ప్రయాణానికి ముందు ప్రార్థన పెట్టిస్తాం, కొబ్బరినీళ్లిచ్చి సాగనంపుతాం. ఆమె పంపిన కానుకతో మందిరానికి స్లాబు వేసి, పేరు చదివి స్తుతులు చెల్లిస్తాం. ఆమె పిల్లలు బడికి వెళ్తున్నారా, ఆమె పంపిన డబ్బు భర్త ఏం చేస్తున్నాడు అని మాత్రం అడగం. ఆమె పరాయి ఇంట్లో కుదురుకోవాలంటే ఇక్కడ ఆమె ఇల్లు కుదురుగా ఉండాలి. పిల్లలకు జ్వరమొస్తే చూసే స్త్రీల సమాజం, తాగుడుకు అలవాటుపడిన భర్తను నిలదీసే పెద్దలు, ప్రతి వారం ఆమెతో మాట్లాడే ఒక సహోదరి ఉండాలి. ఇవన్నీ స్లాబు కంటే ముందు కట్టాల్సినవి.

ఇంకొక్క మాట. కువైట్ యజమానురాలు మన చెల్లిని కూతురిలా చూడాలని మోకరించి ప్రార్థిస్తాం. మరి మన ఇంట్లో అంట్లు తోమే అమ్మకు ఏ గ్లాసులో టీ ఇస్తున్నాం? వారానికి ఒకరోజు సెలవిస్తున్నామా? జ్వరమొచ్చి రాకపోతే జీతం కోస్తున్నామా? విశ్రాంతి దినం ఆజ్ఞ ఇంటి యజమానికే కాదు, దాసునికి, దాసికి, ఆ ఇంట ఉన్న పరదేశికి కూడా అదే విశ్రాంతిని ఇచ్చింది (ద్వితీయోపదేశకాండము 5:14). దేవుడు మనల్ని ఏ ఇంటి గురించి లెక్క అడుగుతాడో, ఆ ఇంటి తాళం చెవి మన చేతిలోనే ఉంది. ముందు అక్కడ మొదలుపెడదాం. అప్పుడే కువైట్‌లో ఉన్న చెల్లి కోసం మనం చేసే ప్రార్థన నిజమైన ప్రార్థన అవుతుంది.