హెచ్చరిక వినే చెవి



తీరప్రాంతములోని మన సంఘాలకు అక్టోబరు, నవంబరు నెలలు తుఫాను నెలలు. మే నెలలోనూ ఆ భయం ఉంటుంది. బంగాళాఖాతంలో అల్పపీడనం అనగానే మన ఇళ్లలో ప్రార్థన మొదలవుతుంది. మంచిదే. అయితే ఊరు ఖాళీ చేయమని అధికారులు వచ్చినప్పుడు, "దేవుడే చూసుకుంటాడు, మేమెక్కడికీ రాము" అనే మాట కూడా మన ఇళ్లలోనే వినిపిస్తుంది. ఈ నెల ఆ మాటను గూర్చి ఆలోచిద్దాము.

అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయము చదవండి. ప్రయాణం ప్రమాదమని పౌలు ముందే చెప్పాడు. శతాధిపతి వినలేదు. దక్షిణపు గాలి మెల్లగా వీచేసరికి అందరూ ధైర్యపడి ఓడ విప్పారు. కొద్దిసేపటికే ఊరకులోను అనే పెనుగాలి కొట్టింది. ఓడలోని 276 మందీ బ్రతుకుతారని దేవుడు మాట ఇచ్చాడు. అయినా పౌలు చేతులు ముడుచుకొని కూర్చోలేదు. పారిపోజూచిన ఓడవారిని ఆపించాడు, అందరిచేత భోజనం చేయించాడు. విశ్వాసమూ జాగ్రత్తా ఒకే మనిషిలో ఉన్నాయి.

1977 నవంబరు 19న తుఫాను చీరాల ప్రాంతంలో తీరం దాటింది. ఉప్పెన మాత్రం దానికి ఉత్తరాన ఉన్న దివిసీమను ముంచింది. దాదాపు 10,000 మంది చనిపోయారు. మన తీరంలో తుఫాను దాటే చోటుకు ఉత్తరపు వైపున గాలి సముద్రాన్ని ఒడ్డు మీదికి నెడుతుంది. కాబట్టి "మనకు దక్షిణాన దాటుతుందట, మనకేమీ కాదు" అనుకోరాదు. 1990 మే నెలలో మరో పెను తుఫాను కృష్ణా ముఖద్వారం దగ్గర దాటింది. అప్పుడు లక్షలాది మందిని ముందుగానే తరలించారు. మృతుల సంఖ్య వెయ్యి లోపే ఉంది. ఆ ప్రాణాలను నిలిపినది, హెచ్చరిక విని కదలిన కాళ్లు.

వార్తలలోని మాటలు ఇంటిల్లిపాదికీ తెలియాలి. గాలి గంటకు 31 కి.మీ. చేరితే వాయుగుండం, 62 చేరితే తుఫాను, 89 చేరితే తీవ్ర తుఫాను, 118 చేరితే అతి తీవ్ర తుఫాను. ఓడరేవులలో 1, 2 నంబరు సూచికలు తుఫాను దూరాన సముద్రంలో ఉన్నదని చెబుతాయి. 8, 9, 10 మహా ప్రమాద సూచికలు. వేటకు వెళ్లవద్దన్న రోజున పడవ దించకండి.

మన ఇంట చేయవలసినవి ఇవి. పాక కప్పుమీద తాళ్లు వేసి గుంజలకు బిగించండి. ఇంటిమీదికి వాలిన కొమ్మలు కొట్టేయండి. బిందెలలో మంచినీళ్లు పట్టి మూతలు పెట్టండి. రేషన్ కార్డు, ఆధార్ కార్డు, పాసు పుస్తకం, బైబిలు పాలిథిన్ సంచిలో కట్టి దగ్గర ఉంచుకోండి. సెల్‌ఫోన్లు ముందే ఛార్జి చేసుకోండి. మందులు, టార్చిలైటు, చిన్నపిల్లలకు తినేవి సర్దండి. వెళ్లే ముందు పశువుల పలుపులు విప్పండి. కట్టి ఉంచిన గేదె నీళ్లు వస్తే తప్పించుకోలేదు.

మరొక మాట. హోరుగాలి ఒక్కసారిగా ఆగిపోతే తుఫాను పోయిందని బయటికి రాకండి. అది తుఫాను కన్ను కావచ్చు. కొంతసేపటికి గాలి ఎదురు దిక్కునుండి అంతే బలంగా కొడుతుంది. పౌలు ఓడవారిని మోసగించిన మెల్లని గాలిని అప్పుడు తలచుకోండి.

సంఘ పెద్దలకు మా మనవి. రేకుల కప్పున్న మందిరంలో జనాన్ని చేర్చకండి. తుఫాను షెల్టరుకో, మెరక మీదున్న డాబా బడికో తీసుకువెళ్లండి. ఒంటరి విధవరాండ్రు, మంచం పట్టినవారు, నిండు గర్భిణులు ఎవరింట ఉన్నారో ఇప్పుడే రాసిపెట్టుకోండి. ఎవరిని ఎవరు తీసుకువెళ్లాలో యౌవనస్థులకు పంచండి. మన సంఘమా, కాదా అని చూడకండి. పక్కింటివారిని కూడా పిలవండి.

షెల్టరులో కూర్చుని కూడా ప్రార్థించవచ్చు. దేవుడు అక్కడా వింటాడు. మన పిల్లలను ప్రాణాలతో చేర్చి ఆయనకు కృతజ్ఞత చెప్పడం కంటే ఆయనకు ఇష్టమైన సాక్ష్యం ఏముంటుంది? ఈ తుఫాను కాలంలో ప్రభువు మీ కుటుంబాలను కాపాడును గాక. ఆమేన్.